స్క్రీన్ మీద ఒకే రైతు పేరుకి చోటు

సంపాదకులకు నమస్కారం.

మా వైపు రొయ్యల ప్లాంట్లలో కొత్త సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయని, ఇక ఎగుమతి కాగితాలన్నీ కంప్యూటరే తయారు చేసేస్తుందని మొన్న మీ జిల్లా పేజీలో రాశారు. సంతోషంగానే చదివాను. మే నెలాఖరుకి మొత్తం మార్చేస్తామని ఒక యజమాని చెప్పినట్టు ఆ వార్తలో ఉంది. ఆ మే నెల అన్న మాట చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను 2001 నుంచి భీమవరంలో రొయ్యల ఎగుమతుల డాక్యుమెంటేషన్ పని చేస్తున్నాను. చేరినప్పుడు మాది టైగర్ రొయ్య. వనామీ అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చింది 2009లో. అప్పట్లో ప్యాకింగ్ లిస్టులు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద, మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి తీసేవాళ్ళం. మా నాన్నగారికి కాళ్ళ మండలంలో రెండెకరాల చెరువు ఉండేది. అందువల్ల పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, రైతు ఇంట్లో ఎలా ఉంటుందో, ప్లాంటు ఆఫీసులో ఎలా ఉంటుందో రెండూ తెలుసు. మా సంస్థలో సాఫ్ట్‌వేర్ పెట్టే పని నాలుగేళ్ళ పాటు నా చేతుల మీదుగా జరిగింది. అందులో మేం చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను. సంస్థ పేరు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ పేరు రాయను. తప్పుల్లో నా వంతు కూడా ఉంది.

ముందు ఒక కంటైనర్ లెక్క చెబుతాను. అమెరికా వెళ్ళే నలభై అడుగుల రీఫర్, అంటే ఫ్రీజర్ ఉన్న కంటైనర్. రెండు పౌండ్ల ప్యాకెట్లు పది కలిపితే ఒక మాస్టర్ కార్టన్. అలాంటివి 1,800 ఎక్కిస్తే 36,000 పౌండ్లు. మైనస్ 18 డిగ్రీల చలి ఎక్కడా తగ్గకుండా వైజాగ్ చేరాలి. ఆ సరుకుతో పాటు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు, ఆరిజిన్ సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టులు, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు అయిన బిల్ ఆఫ్ లేడింగ్ నడవాలి. అమెరికాకి వెళ్ళే రొయ్య కాబట్టి సముద్ర తాబేళ్ళకి హాని లేకుండా వచ్చిన రొయ్య అని చెప్పే డీఎస్ 2031 అనే డిక్లరేషన్ ఉండాలి. 2018 డిసెంబరు 31 నుంచి ఏ చెరువులో, ఏ రోజు, ఎంత పట్టారన్నది కూడా అక్కడి దిగుమతిదారు తన ప్రభుత్వానికి చెప్పాలి. ఆ వివరం ఆయనకి మేమే పంపాలి. ఒకే బరువు, ఒకే ఇన్‌వాయిస్ నంబరు, ఒకే లాట్ (కలిపి ప్యాక్ చేసిన సరుకు) నంబరు ఇన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా కనపడాలి. మా పని అంతా అదే.

అక్షరం తేడా వస్తే ఏమవుతుందో జీఎస్టీ వచ్చిన ఏడాది మా జిల్లాలో ఎగుమతిదారులందరికీ అనుభవమైంది. 2017 జూలై తర్వాత ఎగుమతి మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రావడానికి షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు అయ్యింది. జీఎస్టీ రిటర్న్‌లో ఇచ్చిన ఇన్‌వాయిస్ నంబరు, షిప్పింగ్ బిల్లులో ఇచ్చిన నంబరు కంప్యూటర్ పోల్చి చూసుకుంటుంది. రెండూ ఒకటైతే డబ్బు వస్తుంది. మాకు మొదటి నుంచీ రెండు ఇన్‌వాయిస్‌లు అలవాటు. కొనేవాళ్ళకి పంపే దాని మీద ఒక నంబరు, మా అకౌంట్స్‌లో ఇంకో నంబరు. జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప వేరే గుర్తులు ఉండకూడదు. మా పాత నంబర్లలో చుక్కలు ఉండేవి, కొనేవాళ్ళ పేరు పొట్టి అక్షరాలు కూడా ఉండేవి. కస్టమ్స్ ఏజెంటు తన చేతికి వచ్చిన కాగితం మీది నంబరు వేశాడు, అకౌంట్స్ వాళ్ళు తమ నంబరు వేశారు. షిప్పింగ్ బిల్లులన్నిటికీ ఎస్‌బీ 005 అనే ఎర్రర్. ఆ ఎర్రర్ నంబరు ఈ రోజుకీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

2018 ఫిబ్రవరిలో దీనికి దారి చూపిస్తూ కస్టమ్స్ బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. ఏ ఇన్‌వాయిస్‌కి ఏది జోడీయో పట్టిక రాసి ఇస్తే అధికారి సరిచేస్తారు. ఆ పట్టిక నేనూ ఇంకో అమ్మాయీ కూర్చుని పాత ఫైళ్ళు తిరగేసి తయారు చేశాం. అందులో చట్టం కష్టమేమీ లేదు. రెండు గదుల్లో కూర్చున్న ఇద్దరు మనుషులు ఒకే సరుకుకి రెండు పేర్లు పెట్టుకున్నారు, అంతే. కానీ ఆ నెలల్లో రీఫండ్ రాక మా సంస్థ చెరువుల దగ్గర రైతులకి డబ్బు పది రోజుల బదులు ఇరవై అయిదు రోజులకి ఇచ్చింది. మేత బాకీ ఉన్న రైతుకి పదిహేను రోజులు ఆలస్యం అంటే ఏమిటో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ దెబ్బ తర్వాతే మా యజమాని పూర్తి సాఫ్ట్‌వేర్ పెట్టాలని నిర్ణయించారు. చెరువు గట్టు నుంచి బ్యాంకు దాకా అన్నీ ఒకే చోట. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే మాట అంటాను. హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. చురుకైన పిల్లలు, మర్యాదగా ఉండేవాళ్ళు, రాత్రి పదింటి దాకా పనిచేసేవాళ్ళు. వాళ్ళు మా హెడ్ ఆఫీసులో ఏసీ గదిలో ఆరు వారాలు కూర్చుని మా అవసరాలు రాసుకున్నారు. ఆ గదిలో యజమాని, అకౌంట్స్ మేనేజర్, ప్రొడక్షన్ మేనేజర్, నేను ఉండేవాళ్ళం. ప్లాంటులో సరుకు దింపుకునే చోట రాసే మనిషి ఒక్క రోజు కూడా ఆ గదికి రాలేదు. పిలవాలని నాకూ తట్టలేదు.

మొదలుపెట్టే రోజు ఎప్పుడన్నది కూడా సరుకు చూసి పెట్టలేదు. కాంట్రాక్టులో సగం డబ్బు సాఫ్ట్‌వేర్ నడవడం మొదలైన రోజున ఇవ్వాలని రాసుకున్నారు. అందువల్ల ఆ కంపెనీకి తొందర. కొత్త ఆర్థిక సంవత్సరంలో త్వరగా పెట్టేస్తే లెక్కలు బాగుంటాయని మా అకౌంట్స్ వాళ్ళకి తొందర. ఏప్రిల్ అనుకున్నది మే రెండో వారానికి జరిగింది. మే నెలలో మా వైపు మొదటి పంట పట్టుబళ్ళు. గేటు బయట తెల్లవారుజామున మూడింటి నుంచి లారీలు. ఐస్ కరుగుతూ ఉంటుంది, రొయ్య ఆగదు. ఆ సమయంలో సరుకు దగ్గర రాసేవాడి చేతిలో పాత పుస్తకం తీసేసి కొత్త స్క్రీన్ పెట్టాం.

వారం తిరగకుండా మొదటి కంటైనర్ ఆగింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో పౌండ్‌ని కిలోల్లోకి మార్చడానికి 0.454 అని పెట్టారు. నా పాత ఎక్సెల్‌లో 0.453592. కార్టన్‌కి ఎనిమిది గ్రాముల తేడా, ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. 1,800 కార్టన్లకి 14.7 కిలోలు. షిప్పింగ్ బిల్లు కొత్త దాని నుంచి వెళ్ళింది కాబట్టి 16,344 కిలోలు. ప్యాకింగ్ లిస్టు, డీఎస్ 2031 ఇంకా పాత పద్ధతిలోనే చేస్తున్నాం కాబట్టి 16,329. ఒకే సరుకుకి రెండు బరువులు కనపడితే ఏ అధికారి అయినా ఆపుతారు, ఆపాలి కూడా. సవరణ అయ్యేలోపు ఓడకి సరుకు అందించే గడువు దాటిపోయింది. కంటైనర్ యార్డులో కరెంటు ప్లగ్గు మీద వారం రోజులు ఉంది. ఆ ఖర్చు ఎవరిదన్న తగువు మూడు నెలలు నడిచింది.

అది డబ్బుతో పోయిన తప్పు. రెండోది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చిన్న రైతుల సరుకు ఒక్కో చెరువు నుంచి కొంచెం కొంచెం వస్తుంది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ప్రకారం గ్రేడ్ చేశాక ఒకే రోజు, ఒకే లాట్‌లో నలుగురైదుగురి రొయ్య కలుస్తుంది. పాత పుస్తకంలో ఆ లాట్ ఎదురుగా అందరి పేర్లు, చెరువు నంబర్లు, ఎవరివి ఎన్ని క్రేట్లో వరసగా రాసేవాళ్ళు. కొత్త స్క్రీన్‌లో లాట్‌కి ఒక రైతు, ఒక చెరువు. అది నింపితే తప్ప తర్వాతి పేజీ రాదు. ఇది తప్పని ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఏ ఎర్రరూ రాలేదు. అన్ని గడులూ నిండాయి, రిపోర్టులు చక్కగా వచ్చాయి, యజమాని మెచ్చుకున్నారు.

పంతొమ్మిదో రోజున అమెరికాలో కొనేవాళ్ళు ఒక కార్టన్ నంబరు పంపి దాని పట్టుబడి వివరాలు అడిగారు. నేను తీసి చూశాను. ఆకివీడు దగ్గర ఒక రైతు, రెండెకరాల చెరువు, ఒక్క రోజు పట్టుబడి 22 టన్నులు అని ఉంది. రెండెకరాలకి ఆరు టన్నులు వస్తే ఆ రైతు గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొడతాడు. మా నాన్నగారి చెరువు చూసిన దాన్ని కాబట్టి అంకె చూడగానే నాకు చెమటలు పట్టాయి. అలా చెరువు చూడని వాళ్ళు ఆ అంకెని అలాగే పంపేసేవాళ్ళు.

ప్లాంటుకి వెళ్ళి సరుకు దగ్గర రాసే కుర్రాణ్ణి అడిగాను. వాడు భయపడుతూ చెప్పిన మాట ఇది: "మేడమ్, స్క్రీన్ మీద ఒకే పేరుకి చోటు ఉంది. బయట లారీలు ఉన్నాయి. ముందు వచ్చిన రైతు పేరు కొట్టేస్తున్నాను. మిగతావి నా పుస్తకంలో రాసుకున్నాను."

ఆ పుస్తకమే మమ్మల్ని కాపాడింది. ఎవరూ చెప్పకుండానే, రోజంతా నిలబడి పనిచేసి, రాత్రి ఇంటికి వెళ్ళేముందు ఐదుగురి పేర్లూ విడిగా రాసుకున్నాడు. పంతొమ్మిది రోజుల లాట్లన్నీ ఆ పుస్తకం చూసి మళ్ళీ ఎక్కించాం. కోల్డ్ స్టోరేజ్‌లో ఉన్న సరుకుని కదలనివ్వలేదు. అప్పటికే వెళ్ళిపోయిన ఒక కంటైనర్ గురించి కొనేవాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి సరైన వివరాలు పంపాం. యజమాని ఆ ఉత్తరం మీద సంతకం పెట్టడానికి ఒక రోజు తీసుకున్నారు, కానీ పెట్టారు. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

ఇది ఎందుకింత పెద్ద విషయమో చదువరులకి చెప్పాలి. మన రొయ్యలో క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధ మందుల ఆనవాళ్ళు ఉన్నాయేమోనని ప్రతి దేశమూ చూస్తుంది. యూరప్ వాళ్ళు 2016లో మన సాగు రొయ్యకి పరీక్షలు నూటికి పది సరుకుల నుంచి యాభైకి పెంచారు. రేపు ఒక కార్టన్‌లో మందు దొరికితే వెనక్కి వెళ్ళి చెరువు వెతుకుతారు. ఆ లాట్‌లో ఐదుగురు ఉండి స్క్రీన్‌లో ఒక్కరి పేరే ఉంటే ఆ ఒక్కడే దోషి. ఏ తప్పూ చేయని రైతు సరుకు ఇక ఎవరూ కొనరు. తప్పు చేసినవాడు ఇంకో ప్లాంటుకి తోలుకుంటాడు. ఆకివీడు రైతుకి ఈ సంగతి ఏమీ తెలియదు. ఆయన పేరు మీద ఒక్క రోజులో 22 టన్నులు నమోదయ్యాయని నాకు తెలుసు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని కొన్నాళ్ళు పక్కన పెట్టించాను. పాతదానికి పోదామని చాలామంది అన్నారు. నేను వద్దన్నాను, ఎందుకంటే పాత పద్ధతిలోనే కదా ఎస్‌బీ 005 వచ్చింది. డిసెంబరులో, ప్లాంటుకి సరుకు పలచబడ్డాక, మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి హైదరాబాద్ కుర్రాళ్ళు మొదటి మూడు రోజులు గమ్‌బూట్లు వేసుకుని సరుకు దిగే చోట నిలబడ్డారు. రాసే కుర్రాడు వాళ్ళ పక్కనే. స్క్రీన్ మీద మాటలు తెలుగులో పెట్టించాం. నాలుగు వారాలు పాత పుస్తకం, కొత్త స్క్రీన్ రెండూ నడిపాం. సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు చూసేవాళ్ళం. మొదటి రోజు 41 తేడాలు వచ్చాయి, నాలుగో వారం చివరికి రెండు. ఆ రెండూ పుస్తకంలో తప్పులే. అప్పుడు పుస్తకం ఆపాం.

ఇంకో పరీక్ష పెట్టుకున్నాం. కోల్డ్ స్టోరేజ్‌లోంచి కళ్ళకి కనపడిన ఒక కార్టన్ తీసి, దాని నంబరుతో వెనక్కి నడుచుకుంటూ చెరువు గట్టు దాకా వెళ్ళాలి. అన్ని పేర్లూ, అన్ని బరువులూ కలిపితే లాట్ బరువు రావాలి. గంటలో రాకపోతే సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేదని లెక్క. మూడుసార్లు ఫెయిలయ్యాం. నాలుగోసారి నలభై నిమిషాల్లో మొగల్తూరు దగ్గర ఒక చెరువుకి చేరాం. పౌండ్-కిలో లెక్క, ఉత్పత్తుల కోడ్‌లు, కొనేవాళ్ళ పేర్లు లాంటివి ఇద్దరి సంతకం లేకుండా ఎవరూ మార్చకూడదని రాసుకున్నాం. అందులో ఒక సంతకం నాది.

ఈ రంగంలో ఇంకో చిక్కు ఉంది. మనం ఇల్లు కట్టుకుంటుంటే నేల కదులుతూ ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి ఎగుమతిదారులకి ప్రోత్సాహకం ఇచ్చే ఎంఈఐఎస్ పథకం పోయి, కట్టిన పన్నులు కొంత తిరిగి ఇచ్చే రోడ్‌టెప్ పథకం వచ్చింది. రోడ్‌టెప్ కావాలని షిప్పింగ్ బిల్లులోనే ప్రకటించాలి. పాత ఫార్మాట్‌తో వెళ్ళిన బిల్లుకి ఆ ప్రయోజనం పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు ఇరవై రోజుల తేడాలో రెండుసార్లు పెరిగాయి, ఏడో తేదీన 25 శాతానికి, ఇరవై ఏడున ఇంకో 25. మొదటిదానికి ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆగస్టు 7న అక్కడి తూర్పు తీర సమయం అర్ధరాత్రి దాటి ఒక నిమిషం అయ్యేలోపు ఓడ ఎక్కి, అక్టోబరు 5 లోపు అక్కడ ఎంట్రీ అయిన సరుకుకి ఆ కొత్త సుంకం పడదన్నారు. అర్ధరాత్రి దాటి ఒక నిమిషం అంటే మనకి ఉదయం 9:31. సుంకం మేమే కట్టుకునే షరతు మీద అమ్మిన కంటైనర్లు మాకు కొన్ని ఉన్నాయి. ఒక్కో కంటైనర్‌కి లక్షల్లో తేడా. మా సాఫ్ట్‌వేర్‌లో బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ ఉంది గానీ ఓడ ఎక్కిన సమయం రాసుకునే చోటు లేదు. షిప్పింగ్ లైన్ల నుంచి ఒక్కో కంటైనర్‌కి మెయిల్ తెప్పించుకుని విడిగా దాచుకున్నాం. ఆ టెన్షన్‌లో రెండు రాత్రులు ఇంటికి వెళ్ళలేదు.

అందుకని సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళకి నేను చెప్పేది, కాంట్రాక్టులో ప్రభుత్వ నిబంధనల మార్పుని అదనపు పని కింద లెక్కపెట్టనివ్వకండి. ఏడాదికి ఇన్ని మార్పులు, ఇన్ని రోజుల్లో చేసిపెట్టాలి అని ముందే రాయించుకోండి. మేం రాయించుకోలేదు. గడి ఒకటి పెంచాలంటే ప్రతిసారీ కొటేషన్ వచ్చేది, యజమాని ఒప్పుకునేలోపు ఎక్సెల్ మళ్ళీ పుట్టేది.

పెద్ద దేశాలకి కూడా ఇది తప్పలేదు. 2005 అక్టోబరులో ఆస్ట్రేలియా కస్టమ్స్ దిగుమతుల కోసం కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. క్రిస్మస్ సరుకు దిగే రోజులు. సిడ్నీ, మెల్‌బోర్న్ రేవుల్లో కంటైనర్లు పేరుకుపోయాయి. దాని మీద వాళ్ళ ఆడిటర్ రాసిన రిపోర్టు చదివినప్పుడు నాకు మా మే నెల గుర్తొచ్చింది.

మన ప్రభుత్వ శాఖలకి కూడా ఒక మనవి. నోటిఫికేషన్లు, సర్క్యులర్లు ఇచ్చేటప్పుడు కొత్త ఫార్మాట్‌తో ఒక నమూనా బిల్లు ముందే పంపి చూసుకునే వీలు చిన్న ఎగుమతిదారులకి కూడా కల్పించాలి. పెద్ద కంపెనీలకి ఢిల్లీలో మనుషులు ఉంటారు. భీమవరం, కైకలూరు, కాకినాడల్లో నెలకి మూడు కంటైనర్లు పంపేవాళ్ళకి డాక్యుమెంటేషన్ అంటే ఒక్క మనిషి, ఒక్క కంప్యూటర్. నెల ముందు తెలుగులో రెండు పేజీలు రాసిచ్చినా వాళ్ళకి చాలా మేలు. మీ పత్రిక కూడా వారానికోసారి ఇలాంటి మార్పులు వేస్తే మా ఆఫీసుల్లో కత్తిరించి గోడకి అంటించుకుంటాం.

ఇక మే నెలాఖరు అని చెప్పిన ఆ యజమానిగారికి. అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మీ సాఫ్ట్‌వేర్ మంచిదే అయ్యుంటుంది. దయచేసి డిసెంబరు దాకా ఆగండి. ఈలోపు ఒక ఆదివారం మీ వాళ్ళందరినీ కూర్చోబెడితే నేను నా నోట్సు తీసుకుని వస్తాను, నాకు డబ్బు అక్కర్లేదు. ఆ రోజు మీ ప్లాంటులో సరుకు దగ్గర రాసే మనిషిని కూడా పిలవండి. అతని పుస్తకం తెమ్మనండి.

ఇట్లు,
రొయ్యల ఎగుమతుల డాక్యుమెంటేషన్ ఉద్యోగిని,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.
(ఇంకా అదే సంస్థలో పనిచేస్తున్నాను కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.)